గైడ్‌లో లేని నాన్న

2005లో నేను అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫ్రెంచ్ చెప్పేదాన్ని. మాది మూడో అంతస్తు. కింద జిరాక్స్ షాపు, దాని మీద ఒరాకిల్, ఆ మీద జావా, మా పక్క గదిలో టెస్టింగ్ టూల్స్. మెట్ల గోడల మీద అంటించిన వందల కాగితాల మధ్య మాదీ ఒకటి ఉండేది: "ఫ్రెంచ్ నేర్చుకోండి, ఆన్‌సైట్ వెళ్లండి!" ఆ వాక్యం మా సెంటర్ యజమాని రాయించినది. నేర్చుకున్నవాళ్లలో ఎంతమంది నిజంగా విదేశం వెళ్లారో ఆయనా లెక్క చూడలేదు, నేనూ అడగలేదు.

నేను పుట్టి పెరిగింది కాకినాడలో. సెలవుల్లో చుట్టాలింటికి యానాం వెళ్లినప్పుడు అక్కడి ముసలివాళ్లు మాటల మధ్యలో దొర్లించే ఫ్రెంచ్ ముక్కలు విని ఆ భాష మీద మోజు పడ్డాను. హైదరాబాద్ వచ్చి అందులోనే ఎం.ఏ. చేశాను. "దాంతో ఏం చేస్తావే?" అని ఇంట్లో అడిగితే చాలా ఏళ్ల పాటు నా దగ్గర జవాబు లేదు. సాఫ్ట్‌వేర్ ఊపు వచ్చాక జవాబు దానంతట అదే వచ్చింది. ఫ్రాన్స్ క్లయింటుతో ప్రాజెక్టు దొరికినవాళ్లు, 'ఫ్రెంచ్ ప్రాసెస్' ఉద్యోగాలకి, అంటే ఇక్కడ కూర్చుని అక్కడి కస్టమర్ల ఫోన్లకి జవాబిచ్చే పనికి వెళ్లాలనుకునేవాళ్లు, పొద్దున ఆరున్నరకే నోట్సులు పట్టుకుని నా గది ముందు నిలబడేవాళ్లు.

ఆ సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం పంజాగుట్టలోని ఒక స్కూలు వైస్ ప్రిన్సిపాల్ ఇందిరగారు మా మెట్లన్నీ ఎక్కి వచ్చారు. కుర్చీలో కూలబడి మంచినీళ్లు తాగేదాకా మాట్లాడలేకపోయారు.

"ఏంటండీ ఈ మెట్లు! మా స్కూల్లో ఫ్రెంచ్ టీచరు వెళ్లిపోయిందండీ. కాల్ సెంటర్లో చేరిందట. జీతం మూడింతలు, ఇంటికి కారు పంపిస్తారట. నేనేం చెప్పి ఆపను?"

టీచరు పేరు అడిగాను. చెప్పారు. కాల్ సెంటర్ ఇంటర్వ్యూ కోసం ఆ అమ్మాయి చేత నెల రోజులు ప్రాక్టీసు చేయించింది నేనే. ఆ ముక్క ఇందిరగారికి అప్పుడు చెప్పలేదు. తర్వాత ఎప్పుడో చెబితే కడుపుబ్బ నవ్వారు.

ఆవిడ ఇబ్బంది చిన్నది కాదు. పదో తరగతిలో ఐదుగురు పిల్లలకి ఫ్రెంచ్ రెండో భాష. మార్చిలో రాత పరీక్ష, అంతకు ముందు జనవరిలో ఓరల్. ఓరల్ అంటే నోటి పరీక్ష. బయటి నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చి ఒక్కొక్కరినీ లోపలికి పిలుస్తారు. ఒక పేరా చదివిస్తారు, ఒక బొమ్మ చూపించి వర్ణించమంటారు, చివర కాసేపు సంభాషణ. ఏడాది మధ్యలో కొత్త టీచరు ఎక్కడా దొరకడం లేదు. ఫ్రెంచ్ వచ్చినవాళ్లందరికీ కంపెనీల కార్లు వస్తున్నాయి. కాబట్టి స్కూలు వదలగానే పిల్లల్నే నా దగ్గరికి పంపిస్తామన్నారు. నేను అప్పటిదాకా పెద్దవాళ్లకే చెప్పాను. పిల్లలనేసరికి సరదా పడి ఒప్పుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఐదుగురూ ఆటో దిగి, నీలం రంగు స్కూలు బట్టల్లో మెట్లెక్కి వచ్చారు. ఎవరెంతవరకు వచ్చారో చూద్దామని ఓరల్‌లో తప్పకుండా అడిగే ప్రశ్నతో మొదలుపెట్టాను: మీ కుటుంబం గురించి చెప్పండి.

నిఖిల్ అనే కుర్రాడు లేచి గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "మోఁ పేర్ ఎ మెద్సాఁ." మా నాన్న డాక్టరు. "మా అమ్మ టీచరు. మాకు తోట ఉన్న పెద్ద ఇల్లుంది. ఆదివారం అందరం సముద్రపు ఒడ్డుకి వెళతాం." తర్వాత ఒక అమ్మాయి లేచింది. వాళ్ల నాన్నా డాక్టరే, అమ్మా టీచరే, వాళ్లూ ఆదివారం సముద్రానికే. మూడో పిల్లవాడు, నాలుగో పిల్లవాడు కూడా అంతే. హైదరాబాద్‌లో ఇంతమంది వారం వారం ఏ సముద్రానికి వెళుతున్నారా అని నాకు నవ్వొచ్చింది. పిల్లల చేతుల్లో ఉన్న గైడ్ తిరగేస్తే అందులో ఆ జవాబు అక్షరం పొల్లుపోకుండా ఉంది.

ఐదో పిల్ల పేరు శ్రావణి. రెండు జడలు, చురుకైన కళ్లు. లేచి నిలబడి "మోఁ పేర్ ఎ..." అంది. ఆగింది. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుని మళ్లీ అక్కడే ఆగింది. నేను ఫ్రెంచ్‌లోనే ధైర్యం చెప్పాను. నా వైపు చూసింది, పెదవులు కదిలాయి, మాట బయటికి రాలేదు.

భయమేమో, నాలుగు రోజులైతే పోతుందిలే అనుకున్నాను. పోలేదు. విచిత్రం ఏమిటంటే డిక్టేషన్‌లో ఆ పిల్లే అందరికన్నా ముందుండేది. ఫ్రెంచ్‌లో డిక్టేషన్ అంటే తమాషా కాదు. సగం అక్షరాలు రాయాలి, పలకకూడదు. ఒకే ఉచ్చారణకి నాలుగు రకాల స్పెల్లింగులు. ఆ పిల్ల అవన్నీ తప్పులు లేకుండా రాసేది. పేరా చదవమంటే మాటకి మాట కలుపుతూ గలగలా చదివేది. బొమ్మ చూపిస్తే పరవాలేదు. సంభాషణ అనేసరికి, అందులోనూ ఇంటి సంగతి వచ్చేసరికి, "మోఁ పేర్ ఎ" దగ్గర బండి ఆగిపోయేది. ఒకసారి అక్కడ ఆగిందంటే ఆ రోజుకి ఇక ఏ ప్రశ్నకీ జవాబు ఉండేది కాదు.

నా క్లాసులో అప్పట్లో ఒక కఠినమైన నియమం ఉండేది. గుమ్మం దాటి లోపలికొస్తే తెలుగు మాట్లాడకూడదు, ఫ్రెంచే మాట్లాడాలి. పెద్దవాళ్ల క్లాసుల్లో అది బాగా పనిచేసేది. శ్రావణిని ఏమైందని అడిగినా ఫ్రెంచ్‌లోనే అడిగేదాన్ని. తన కష్టం ఏమిటో ఫ్రెంచ్‌లో చెప్పేంత భాష ఆ పిల్లకి ఇంకా లేదు.

నవంబరులో స్కూలువాళ్లు నమూనా ఓరల్ పెట్టారు. నలుగురు డాక్టర్ల పిల్లలూ గట్టెక్కారు. శ్రావణికి రెండు మార్కులొచ్చాయి. ఆ సాయంత్రం ఇందిరగారు ఫోన్ చేశారు.

"సుజాతగారూ, ఆ పిల్లని ఈ ఏడు పరీక్షకి పంపకుండా ఉంచేద్దామనుకుంటున్నామండీ. లెక్కల్లో సైన్సులో ఫస్టు. ఈ ఒక్క సబ్జెక్టులో పోతే మొత్తం పోయినట్టే కదా. వచ్చే ఏడు నిదానంగా రాస్తుంది."

"ఒక ఏడాదండీ!"

"నాకు మాత్రం ఇష్టమా? ఎనిమిదో తరగతిలో మా స్కాలర్‌షిప్ పరీక్ష రాసి వచ్చిన పిల్ల. అప్పటికి ఫ్రెంచ్ సెక్షన్‌లోనే సీటు మిగిలింది, అందులో వేశాం. వాళ్ల నాన్నగారిని మిమ్మల్ని కలవమన్నాను. ఒకసారి మాట్లాడి చూడండి."

ఆ నాన్నగారు రెండు రోజుల తర్వాత వచ్చారు. ఆ రాక మా బిల్డింగు మొత్తానికి గుర్తుండిపోయింది. ముందు మెట్ల మీద గోల వినిపించింది. జావా క్లాసు కుర్రాళ్లు తలుపుల్లోంచి తొంగి చూస్తున్నారు. ఎర్ర కోటు, భుజాల మీద బంగారు జరీ కుచ్చులు, తెల్ల ప్యాంటు, చంకలో టోపీ, చేతిలో పొడుగాటి నల్ల పెట్టె. ఏదో దేశపు సైన్యాధిపతి దారి తప్పి అమీర్‌పేటలో టెస్టింగ్ టూల్స్ నేర్చుకోవడానికి వచ్చినట్టుంది.

"నమస్తే మేడం. నేను యాదగిరి, శ్రావణి వాళ్ల నాయినను. ఎస్సార్ నగర్‌ల పెళ్లి బారాత్ ఉండె, అటు నుంచి ఇటే వచ్చిన. డ్రెస్ మార్చుకునే టైం దొరకలే. ఏమనుకోకుండ్రి."

ఎర్రగడ్డలో ఆయనకి పెళ్లి బ్యాండు ఉంది. ఆయనే బ్యాండ్ మాస్టరు. పెట్టెలో ఉన్నది క్లారినెట్. కూర్చోమంటే కోటు నలగకుండా కుర్చీ అంచున కూర్చున్నారు. శ్రావణి ఆయన పక్కన నిలబడింది. మిగిలిన పిల్లలు నోళ్లు తెరుచుకుని ఆ కుచ్చుల్ని చూస్తున్నారు.

"నా బిడ్డ ఇంట్ల నోరు మూయదు మేడం. పొద్దుగాల లేసి గీ ఫ్రెంచ్ పెద్దగ చదువుతది. మా ఇంటామెకు సుత రెండు ముక్కలొచ్చినయ్. మరి మీ తాన ఎందుకు మాట్లాడ్తలేదు? బిడ్డకు సంవత్సరం పోతదంటున్నరు. అదొక్కటే ఫికర్."

ఆయనతో తెలుగులో మాట్లాడక తప్పదు. ఎలాగూ నియమం పోయింది కదా అని శ్రావణి వైపు తిరిగి మొదటిసారి తెలుగులో అడిగాను.

"మోఁ పేర్ ఎ అన్నాక ఏం చెప్పాలో నీకు తెలుసు కదమ్మా?"

"తెలుసు మేడం. మెద్సాఁ."

"మరి అక్కడ ఎందుకు ఆగిపోతున్నావు?"

తండ్రి వైపు ఒకసారి చూసి, ఇందులో అడగడానికేముంది అన్నట్టు చెప్పింది. "మా నాయిన డాక్టర్ కాదు గద మేడం."

ఇంకా చెప్పమన్నట్టు తల ఊపాను.

"గైడ్‌ల అట్లనే ఉంది. కానీ ఎగ్జామినర్ మేడం అడిగేది నన్ను గదా, మీ నాన్న ఏం చేస్తడు అని. నన్ను అడిగితే నేను అబద్ధం ఎట్ల చెప్తా? బ్యాండ్ మాస్టర్‌ని ఏమంటరో గైడ్‌ల లేదు. మా పాత టీచర్‌ను అడిగితే, గైడ్‌ల ఉన్నదే చెప్పు, మార్కులు దానికే అన్నది. నాకేమో నోరు వస్తలేదు."

యాదగిరిగారు పకపకా నవ్వారు. కుచ్చులు ఊగేలా నవ్వారు. "నేను డాక్టర్‌నా! నేను సూది పట్టుకుంటె ఊళ్లె పెళ్లి బ్యాండ్ బందై సావు బాజానే మోగుతది మేడం!" పిల్లలందరూ గొల్లుమన్నారు. శ్రావణి కూడా నవ్వింది. నా గదిలో ఆ పిల్ల గొంతు విప్పి నవ్వడం అదే మొదలు.

నేను బీరువాలోంచి పెద్ద నిఘంటువు తీశాను. నాకూ ఆ మాట అప్పటికప్పుడు తోచలేదు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లకి చెప్పే ఫ్రెంచ్‌లో పెళ్లి బ్యాండు ఎందుకొస్తుంది? వెతికి బోర్డు మీద రాశాను. షెఫ్ ద ఫాఁఫార్. ఫాఁఫార్ అంటే ఊదే వాయిద్యాల మేళం, షెఫ్ అంటే దాని పెద్ద.

శ్రావణి బోర్డు వైపు చూస్తూ, ఎక్కడా ఆగకుండా అంది. "మోఁ పేర్ ఎ షెఫ్ ద ఫాఁఫార్."

సెప్టెంబరు నుంచి మూసుకుపోయిన కాలువకి అడ్డు తీసినట్టయింది. "మేడం, మా నాయిన క్లారినెట్ వాయిస్తడు అనాలంటే?" ఇల్ జూ ద లా క్లారినెత్ అన్నాను. యాదగిరిగారు ముందుకు వంగారు.

"క్లారినెట్‌ను వాళ్లేమంటరు?"

"క్లారినెత్."

"ట్రంపెట్‌ను?"

"త్రోఁపెత్."

"శాక్సోఫోన్?"

"సాక్సోఫోన్."

ఆయన లేచి నిలబడ్డారు. "ఇదేంది మేడం, గిది మా భాషనే గద! ఇన్నేండ్లు మేం ఫ్రెంచే మాట్లాడుతున్నమా?" డ్రమ్మును ఏమంటారని అడిగారు. తాఁబూర్ అంటే మాత్రం ఒప్పుకోలేదు. "డోలును తంబూర అంటరా! గట్లెట్ల? తంబూరకు తీగెలుంటయ్ గద!" ఆ ఒక్క మాట విషయంలో ఫ్రెంచ్ వాళ్లు పొరపాటు పడ్డారని ఆయన నమ్మకం. ఆ నమ్మకం నేను మార్చలేకపోయాను.

వెళ్లేముందు ఒక్కటే అడిగారు. "ఇగ ఫికర్ లేదు గద మేడం?" చాలా పని ఉంది కానీ ఫికర్ లేదన్నాను.

మర్నాడు క్లాసులో గైడ్లన్నీ తీసి నా బీరువాలో పెట్టేశాను. మిగిలిన నలుగురినీ కూడా నిజం చెప్పమన్నాను. ముందు సిగ్గుపడ్డారు, తర్వాత పోటీ పడ్డారు. నిఖిల్ వాళ్ల నాన్నకి అమీర్‌పేటలోనే మ్యాచింగ్ సెంటరు, చీరలకి జాకెట్టు గుడ్డలు, ఫాల్స్ అమ్ముతారు. వాడికి ఒక్కసారిగా పాతిక రంగుల పేర్లు కావాల్సి వచ్చాయి. చిలకాకుపచ్చనీ, వంకాయరంగునీ ఫ్రెంచ్‌లో ఏమంటారో తేల్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకో అమ్మాయి వాళ్ల నాన్న సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాడు, ప్రస్తుతం 'బెంచి మీద' ఉన్నాడు, అంటే ప్రాజెక్టు లేక ఖాళీగా కూర్చున్నాడు. "మా నాన్న బెంచి మీద ఉన్నాడు" అని ఫ్రెంచ్‌లోకి ముక్కకి ముక్క మారిస్తే పార్కులో కూర్చున్నాడని అర్థమొస్తుంది. ఆ పిల్ల దానికే సంతోషపడింది. రోజూ సాయంత్రం పార్కులోనే కూర్చుంటాడట.

తెలుగు వద్దన్న నియమం పూర్తిగా పోలేదు, సడలింది. సడలాక ఎన్ని దారులు దొరికాయో! ఫ్రెంచ్‌లో కొన్ని అచ్చులు ముక్కులోంచి పలకాలి. 'మోన్' అని నకారం ఒత్తితే తప్పు, మింగేస్తే తప్పు. మన పాత పుస్తకాల్లో అరసున్న ఉండేదని చెప్పి బోర్డు మీద గీశాను. పట్టీపట్టనట్టు ముక్కుని అలా తాకి వదిలేయాలి. శ్రావణి ఏడో తరగతి దాకా తెలుగు మీడియం. టక్కున పట్టుకుంది. ఫ్రెంచ్‌లో వస్తువులకి కూడా ఆడా మగా ఉంటుంది. కుర్చీ ఆడది, బల్ల ఆడది. పెద్ద క్లాసుల్లో దీని మీద గంట వాదించేవాళ్లు. శ్రావణి తేల్చేసింది. "ఉర్దూల కుర్సీ ఆడదే, మేజ్ ఆడదే మేడం. గిది సుత గట్లనే." అన్నిటికీ అది పనికిరాదు కానీ, హైదరాబాద్ పిల్లలకి ఆ ఊహ కొత్త కాదని నాకు అప్పుడే తట్టింది.

అందరికన్నా ఎక్కువ తిప్పలు పెట్టింది పాసే కోఁపోజే. జరిగిపోయిన సంగతి చెప్పే కాలం అది. ప్రతి క్రియకీ ముందు ఒక చిన్న సాయం మాట పెట్టాలి. వాయించాను, తిన్నాను, చూశాను లాంటి వాటికి ఒక మాట. వచ్చాను, పోయాను, ఎక్కాను, దిగాను, పడ్డాను, ఉండిపోయాను లాంటి కొన్నిటికి వేరే మాట. ఏది దేనికో తడుముకోని విద్యార్థిని నేను చూడలేదు. ఓరల్‌లో ఎగ్జామినర్లు "నిన్న ఏం చేశావు?" అని అడిగేది ఇందుకే. మిగిలిన అందరిలాగే శ్రావణి కూడా ఇక్కడ బాగా తప్పులు చేసేది. తప్పు చేసినా ఇప్పుడు ఆగేది కాదు. "సారీ మేడం" అని దిద్దుకుని ముందుకి పోయేది.

డిసెంబరులో ఇందిరగారు వచ్చి కూర్చుని స్వయంగా విన్నారు. శ్రావణి తన కుటుంబం గురించి చెప్పింది. ఎర్రగడ్డ ఇల్లు, అమ్మ కుట్టు మిషను, నాన్న బ్యాండు, పెళ్లిళ్ల సీజనులో ఇంట్లో ఎవరూ నిద్రపోని రాత్రులు. ఇందిరగారికి ఫ్రెంచ్ రాదు. పిల్ల మాట్లాడుతోందని మాత్రం అర్థమై ముఖం వికసించింది. తర్వాత నన్ను పక్కకి పిలిచారు.

"పరీక్షకి పంపిద్దామండీ. కానీ ఎందుకైనా మంచిది, డాక్టరనో ఇంజినీరనో చెబితే సేఫ్ కదా? వచ్చే ఆవిడ చాలా స్ట్రిక్టట. బ్యాండు గురించి అడిగితే పిల్ల ఎక్కడ తట్టుకుంటుంది?"

"డాక్టరని చెప్పి, 'మీ నాన్నగారు ఏ ఆసుపత్రిలో?' అని అడిగితే ఎక్కడ తట్టుకుంటుందండీ?"

ఆవిడ ఆలోచించారు. "అదీ నిజమే," అన్నారు. శ్రావణి పేరు పరీక్షకి వెళ్లింది.

జనవరిలో ఓరల్ రోజు నేను కూడా స్కూలుకి వెళ్లాను. ఎగ్జామినర్ పుదుచ్చేరిలో చదువుకుని సికింద్రాబాద్‌లో స్థిరపడిన పెద్దావిడ. ఖద్దరు చీర, ముక్కు చివర కళ్లద్దాలు. నాతో రెండు మాటలు ఫ్రెంచ్‌లో మాట్లాడి, నవ్వకుండా లోపలికి వెళ్లి కూర్చున్నారు. లోపలికి నన్ను రానివ్వరు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి యాదగిరిగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఎర్ర కోటు, కుచ్చులు, ఒళ్లో క్లారినెట్ పెట్టె.

"మధ్యాహ్నం మధురానగర్‌ల పెళ్లి ఉంది మేడం. బిడ్డ మొకం చూసి పోదామని."

ఒకటో తరగతి పిల్లలు వరసగా పోతూ ఆయనకి సెల్యూట్ కొట్టారు. ఆయన అందరికీ తిరిగి కొట్టారు.

నలుగురూ ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్లి వచ్చారు. నిఖిల్ బయటికొస్తూ "రంగుల గురించే అడిగారు మేడం!" అని గెంతాడు. చివర శ్రావణి వెళ్లింది. తలుపు మూసుకుంది. మిగిలినవాళ్లకి పట్టినంత సేపు దాటింది. ఇంకా రాలేదు. యాదగిరిగారు పెట్టె గొళ్లెం తీసి పెట్టడం, తీసి పెట్టడం మొదలుపెట్టారు. "మళ్ల ఆగిపోయిందంటరా మేడం?" అన్నారు. లేదన్నాను కానీ నేనూ తలుపు వైపే చూస్తున్నాను.

అప్పుడు లోపలి నుంచి నవ్వు వినిపించింది. అది పిల్ల నవ్వు కాదు. పెద్దావిడ నవ్వు. ఆగి, మళ్లీ మొదలైంది. ఈసారి దగ్గు కలిసిన నవ్వు. నేనూ యాదగిరిగారూ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

లోపల ఏం జరిగిందో తర్వాత ఎగ్జామినరూ చెప్పారు, శ్రావణీ చెప్పింది. ఇద్దరి మాటా కలిపి రాస్తున్నాను.

నాన్న ఏం చేస్తారని అడిగితే షెఫ్ ద ఫాఁఫార్ అంది. ఆవిడ ఏళ్ల తరబడి ఎన్నో వందల మంది డాక్టర్ల పిల్లల్ని విని విని ఉన్నారు. పెన్ను కింద పెట్టి కళ్లద్దాలు తీశారట. ఏ వాయిద్యం, ఎంతమంది, ఎక్కడెక్కడ వాయిస్తారు అని అడుగుతూ పోయారు. చివరికి, "ఈ మధ్య జరిగిన పెళ్లి ఏదైనా ఉంటే చెప్పు," అన్నారు. అది మేం ఎప్పుడూ ప్రాక్టీసు చేయనిది.

శ్రావణి ముందు ఆదివారం మోతీనగర్‌లో జరిగిన బారాత్ కథ ఎత్తుకుంది. పెళ్లికొడుకు గుర్రం ఎక్కాడు. ఎవరో పటాకుల దండ అంటించారు. గుర్రం అక్కడి నుంచి పోయింది. పెళ్లికొడుకు పడ్డాడు, షామియానా బట్టల గుట్ట మీద పడ్డాడు కాబట్టి ఏమీ కాలేదు. గుర్రం ఫంక్షన్ హాల్లోకి వెళ్లింది. భోజనాల దగ్గరికి వచ్చింది. పెళ్లికూతురి మేనమామ బల్ల ఎక్కాడు. గుర్రం ఆగింది, మామ దిగలేదు.

ఎక్కడం, పోవడం, పడటం, వెళ్లడం, రావడం, దిగడం. పిల్లల్ని ఏడిపించే ఆ వేరే సాయం మాట తీసుకునే క్రియలన్నీ వరసగా, తమంతట తామే వచ్చి నిలబడ్డాయి. ఎగ్జామినర్ నవ్వు ఆపుకుంటూ అడిగారట. "మరి మీ నాన్నగారు?"

"మోఁ పేర్ ఎ రెస్తే. ఇల్ ఆ జూయే." మా నాన్న అక్కడే ఉండిపోయారు. వాయించారు.

ఉండిపోవడానికి ఒక సాయం మాట, వాయించడానికి ఇంకొకటి. పక్కపక్కనే రెండూ పెట్టింది, రెండూ సరిగ్గా పెట్టింది. ఎందుకు వాయిస్తూనే ఉన్నారని అడిగితే, బ్యాండు ఆగితే జనం భయపడతారు అని చెప్పిందట.

తలుపు తెరుచుకుంది. శ్రావణి వెనకే ఎగ్జామినర్ బయటికి వచ్చారు. ఎర్ర కోటు చూడగానే ఆగి, "బోఁజూర్, మొస్యో ల షెఫ్!" అన్నారు. యాదగిరిగారు లేచి టోపీ పెట్టుకుని సెల్యూట్ కొట్టారు. "బోఁజూర్ మాదామ్!" అన్నారు ఖంగుమని. అరసున్న ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. బిడ్డ ఇంట్లో నేర్పించిందట.

"క్లారినెత్?" అని ఆవిడ పెట్టె వైపు చూపించారు.

ఆయన ఇందిరగారి వైపు చూశారు. ఇందిరగారు గడియారం వైపు చూశారు. పరీక్షలైపోయాయి, భోజనాల గంట కొట్టే వేళ. "ఒక్కటే పాటండీ, కింద గ్రౌండ్లో," అన్నారు.

ఒక్కటి కాదు, మూడు వాయించారు. పెళ్లిళ్లలో జనాన్ని ఊరికే నిలబడనివ్వని రకం పాటలు. టిఫిన్ బాక్సులు పట్టుకుని వచ్చిన పిల్లలు బాక్సులు కింద పెట్టేశారు. మొదట చిన్న క్లాసులు, తర్వాత పదో తరగతి, తర్వాత పీటీ సారు. నిఖిల్ చొక్కా కాలరు ఎగరేసి ఎగిరాడు. శ్రావణి తండ్రి ఎదురుగా నిలబడి చేతులతో తాళం వేస్తోంది. ఆ మొహంలో సంతోషం ఇప్పుడు తలుచుకున్నా నాకు నవ్వొస్తుంది. కఠినమైన మనిషని అందరూ భయపడ్డ ఎగ్జామినర్ మెట్ల మీద నిలబడి చెప్పు కాలితో దరువు వేశారు. ఇందిరగారు "చాలు, చాలు" అంటూనే ఉన్నారు, ఎవరికీ వినపడకుండా.

మేలో ఫలితాలు వచ్చాయి. ఐదుగురూ పాసయ్యారు. ఫ్రెంచ్‌లో స్కూలు ఫస్టు శ్రావణి. యాదగిరిగారు మళ్లీ మా మెట్లెక్కి వచ్చారు, ఈసారి మామూలు చొక్కాలో, చేతిలో మిఠాయి డబ్బాతో. జావా క్లాసు కుర్రాళ్లు ఆయన్ని గుర్తుపట్టలేదు. కోటు వేసుకుని రానందుకు నేను నిష్ఠూరమాడితే, "ఉతకనిచ్చిన మేడం, సీజన్ గద!" అన్నారు. శ్రావణి తర్వాత కామర్స్ తీసుకుంది, బ్యాంకు ఉద్యోగంలో చేరింది. ఫ్రెంచ్ మళ్లీ పరీక్ష కోసం చదవలేదు. ఆ పిల్లకి ఆ అవసరం రాలేదు, దాని గురించి నాకు బాధా లేదు.

నాకు మాత్రం ఆ ఐదు నెలలు ఒక సంగతి నేర్పాయి. అప్పటిదాకా విద్యార్థి ఆగిపోయాడంటే వాడికి మాట రాలేదనుకునేదాన్ని. చాలాసార్లు మాట వస్తుంది, కానీ అది వాళ్లది కాదు. తమది కాని మాటని కొందరు పిల్లలు ఇట్టే చెప్పేస్తారు, మార్కులు కూడా తెచ్చుకుంటారు. శ్రావణి లాంటివాళ్లు చెప్పలేరు. వాళ్లకి వాళ్ల మాట వెతికి చేతిలో పెట్టడమే టీచరు చేయాల్సిన మొదటి పని. వ్యాకరణం తర్వాత వస్తుంది, దానికి తొందర లేదు.

ఆ జూన్‌లో కొత్త బ్యాచి మొదలైంది. పొద్దున ఆరున్నర క్లాసు, ముప్పై మంది సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు. కుటుంబం గురించి చెప్పమంటే ఒకతను లేచి, "మోఁ పేర్ ఎ..." అని ఆగిపోయాడు. ఇస్త్రీ చొక్కా, మెళ్లో కంపెనీ కార్డు. వెనక వరసలో ఎవరో "మెద్సాఁ" అని అందించారు. అతను ఆ మాట అందుకోలేదు.

నేను చాక్‌పీసు పక్కన పెట్టి, దగ్గరికి వెళ్లి తెలుగులో అడిగాను. "మీ నాన్నగారు ఏం చేస్తారు బాబూ?"

అటూ ఇటూ చూసి మెల్లగా చెప్పాడు. "చెరువుల చేపలు పడ్తడు మేడం."

"అయితే దానికి చక్కటి మాట ఉంది," అన్నాను. వెళ్లి బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. అతను ఇంకా నిలబడే ఉన్నాడు, ఆ మాటని ముందు పెదవులతో చదువుకుంటూ.